రింగు లెక్కా, దశాంశ లెక్కా: విశాఖ క్లబ్ పోటీలో స్కోరింగు పద్ధతుల మీద ఒక కేస్ స్టడీ

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా రేకుల షెడ్డులో నడిచే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ షూటింగ్ రేంజ్ ఇది. ఆరు లేన్లున్నాయి. నాలుగింట్లో కాగితం కార్డులు, రెండింట్లో ఎలక్ట్రానిక్ టార్గెట్లు. నెలకోసారి 40 షాట్ల పోటీ పెడతారు. బడిపిల్లలు, కాలేజీ వాళ్లు, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చేవాళ్లు అందరూ కాలుస్తారు. కొందరిది ఓపెన్ సైట్ రైఫిల్ (గాడిలోంచి గురి చూసేది), కొందరిది పీప్ సైట్ (కంటి దగ్గరి చిన్న రంధ్రంలోంచి గురి చూసేది), ఇంకొందరిది పిస్టల్. క్లబ్ పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అవసరం లేదు. కింద వాడిన కార్డులు లెక్క చూపడానికి ఎంచుకున్న నమూనాలు.

తగువు మూడు చోట్ల వచ్చింది. ఎలక్ట్రానిక్ లేన్ దొరికినవాడికి దశాంశాల్లో స్కోరు వస్తోంది, కాగితం మీద కాల్చినవాడికి నిండు అంకెల్లో వస్తోంది, రెండూ ఒకే జాబితాలో ఎక్కుతున్నాయి. రెండోది, 'టెన్' గీత మీద పడ్డ షాట్లకు ప్లగ్ (రంధ్రంలో పెట్టి, షాట్ గీతను తాకిందో లేదో చూసే గేజ్) వేసినప్పుడల్లా గొడవ. మూడోది హ్యాండిక్యాప్: కొత్తవాళ్ల ఉత్సాహం పోకూడదని పాయింట్లు కలపడం మొదలుపెడితే, నిజంగా బాగా కాల్చినవాడు వెనకబడ్డాడు. ఏ పద్ధతి ఏం కొలుస్తుందో తేల్చుకోకుండా అన్నీ కలిపి వండితే వచ్చే రుచి ఇదే.

ముందు కొలతలు

ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) ఎయిర్ రైఫిల్ కార్డులో 10 అంటే 0.5 మి.మీ. చుక్క. 9 రింగు వ్యాసం 5.5 మి.మీ. అక్కడి నుంచి ప్రతి రింగుకూ 5 మి.మీ. పెరుగుతూ 1 రింగు 45.5 మి.మీ. అవుతుంది. పెల్లెట్ (ఎయిర్ గన్ గుండు) వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతను తాకితే చాలు, పై విలువ ఇస్తారు. కాబట్టి చుక్క నడిమధ్య నుంచి పెల్లెట్ మధ్యబిందువు 2.5 మి.మీ. లోపు ఉంటే పది (చుక్క సగం 0.25, పెల్లెట్ సగం 2.25), 5 మి.మీ. లోపు ఉంటే తొమ్మిది. ఒక్కో రింగుకు 2.5 మి.మీ. జాగా అన్నమాట.

దశాంశ లెక్క ఈ 2.5 మి.మీ. జాగానే పది ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క 0.25 మి.మీ. సూత్రం చిన్నదే: 11 లోంచి, దూరాన్ని 2.5 తో భాగించిన విలువ తీసెయ్యాలి. వచ్చిన అంకెలో ఒక్క దశాంశం మాత్రం ఉంచి మిగతాది కొట్టేయాలి, గుండ్రం చేయకూడదు. గరిష్ఠం 10.9. పిస్టల్ కార్డులో 10 రింగు 11.5 మి.మీ., 9 రింగు 27.5 మి.మీ. ఒక్కో రింగుకు 8 మి.మీ. జాగా, ఒక్కో దశాంశానికి 0.8 మి.మీ. అక్కడ 2.5 బదులు 8 తో భాగించాలి. రైఫిల్‌కూ పిస్టల్‌కూ ఈ మూడు రెట్లకు పైబడిన తేడా గుర్తుంచుకుంటే, కింద వచ్చే నిర్ణయాల్లో సగం అర్థమైనట్టే.

ఒకే చేతికి రెండు ఫలితాలు

పీప్ సైట్ రైఫిల్‌తో పదేసి షాట్లు కాల్చిన రెండు నమూనాలు తీసుకుందాం. కార్డు మధ్య నుంచి దూరాలు మి.మీ. లో:

మొదటి షూటర్: 1.6, 2.1, 1.9, 2.4, 1.2, 2.2, 1.8, 2.0, 1.5, 2.3
రెండో షూటర్: 0.4, 0.9, 2.6, 0.7, 1.1, 0.5, 2.9, 0.8, 1.3, 0.6

రింగు లెక్కలో మొదటివాడికి పదికి పది పదులు, 100. రెండోవాడికి రెండు తొమ్మిదులు పడ్డాయి, 98. దశాంశాల్లో మొదటివాడి షాట్లు 10.3, 10.1, 10.2, 10.0, 10.5, 10.1, 10.2, 10.2, 10.4, 10.0, కలిపితే 102.0. రెండోవాడివి 10.8, 10.6, 9.9, 10.7, 10.5, 10.8, 9.8, 10.6, 10.4, 10.7, కలిపితే 104.8. రెండు పాయింట్లు వెనకబడినవాడు 2.8 ముందుకొచ్చాడు.

ఎవరు మేలు? రెండోవాడే, సందేహం లేదు. ఎనిమిది షాట్లు చుక్కను మింగేశాయి. కానీ 2.6 మి.మీ. దూరంలో పడ్డ షాట్ పది గీతకు 0.1 మి.మీ. బయట ఉంది. మొదటివాడి 2.4 షాట్‌కూ దీనికీ తేడా 0.2 మి.మీ., కాగితం మందం మాదిరి. రింగు లెక్కలో దానికి ఒక నిండు పాయింటు పోయింది, దశాంశాల్లో పోయింది 0.1 మాత్రమే. గీతకు లోపల ఎంత లోపలున్నా ఒకటే విలువ, గీత దాటితే మాత్రం ఒకేసారి పెద్ద కోత: రింగు లెక్క స్వభావం అది.

ఇన్నర్ టెన్ లెక్కపెడితే సరిపోదా అనే ప్రశ్న వెంటనే వస్తుంది. రైఫిల్‌లో చుక్క మొత్తం పెల్లెట్ కింద పోవాలంటే దూరం 2.0 మి.మీ. మించకూడదు. మొదటివాడికి అలాంటివి ఆరు, రెండోవాడికి ఎనిమిది. అయితే ఇన్నర్ టెన్లు సమాన స్కోర్లను విడదీయడానికే వాడతారు. 100కూ 98కీ మధ్య వాటికి పని లేదు.

మూడో రకం షూటర్ ఒకడుంటాడు. షాట్ల గుంపు చిక్కగా, దాదాపు ఒకే రంధ్రంలా పడుతుంది, కానీ సైట్ తప్పుగా ఉండి మొత్తం 4 మి.మీ. ఎడమకు జరిగి ఉంటుంది. రింగులో అన్నీ తొమ్మిదులే, దశాంశాల్లో 9.4 చుట్టూ. ఏ పద్ధతీ వీడి చేతిలో ఉన్న స్థిరత్వాన్ని చూపదు. స్కోరు కొలిచేది గురిని, గుంపును కాదు. కోచ్‌కు గుంపు కొలత కావాలంటే విడిగా రాసుకోవాలి, దాన్ని ఫలితాల జాబితాలోకి తేవొద్దు.

దశాంశం ఎవరికి అక్కర, ఎవరికి కాదు

ఈ కేసులో అసలు తేల్చుకోవాల్సిన విషయం ఇదే. రింగు లెక్క సమాచారాన్ని పోగొట్టేది, షాట్ల చెదురు ఒక రింగు వెడల్పు అంతకు చిక్కబడినప్పుడు మాత్రమే. ఓపెన్ సైట్‌తో 6 నుంచి 10 దాకా చెదిరే షూటర్‌ను చూడండి. ఒక్కో షాట్‌లో ఒక పాయింటు అటూ ఇటూ ఊగిసలాట ఉందనుకుంటే, 40 షాట్ల మొత్తంలో అది సుమారు 6.3 పాయింట్ల ఊగిసలాట. దశాంశాన్ని కొట్టేయడం వల్ల కలిసే అదనపు అనిశ్చితి 40 షాట్లకు 2 పాయింట్లు కూడా ఉండదు. వర్గమూలాల లెక్కన రెండూ కలిపితే 6.3 కాస్తా 6.6 అవుతుంది, అంతే. ఇలాంటివాళ్లకు దశాంశాలు లెక్కించడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

పీప్ సైట్‌తో 40 షాట్లలో 385 పైన కొట్టేవాళ్లకు కథ వేరు. వాళ్ల షాట్ ఊగిసలాట 0.3 దగ్గర ఉంటుందనుకుంటే 40కి సుమారు 1.9. రింగు కోసేసే సమాచారం కూడా అంతే పరిమాణంలో ఉంటుంది. అంటే జాబితాలో కనిపించే తేడాలో సగం చేతిది, సగం గీతలది. 2013 నుంచి అంతర్జాతీయంగా ఎయిర్ రైఫిల్ క్వాలిఫికేషన్‌ను (ఫైనల్‌కు ఎవరు వెళ్తారో తేల్చే రౌండును) దశాంశాల్లోకి మార్చి, పిస్టల్‌ను నిండు అంకెల్లోనే ఉంచడానికి తర్కం ఇక్కడే కనిపిస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల పిస్టల్ క్వాలిఫికేషన్ స్కోరు 580, 27 ఇన్నర్ టెన్లు. అదే పోటీల్లో రైఫిల్‌లో రమితా జిందాల్ స్కోరు 631.5. ఒకే 60 షాట్లకు రెండు భాషలు.

కాబట్టి పిస్టల్ వాళ్లు "మాకూ దశాంశాలు" అని అడిగినప్పుడు క్లబ్ ఒప్పుకోనక్కర్లేదు. ఒక్కో రింగుకు 8 మి.మీ. జాగా ఉన్నా, పిస్టల్ షాట్ల చెదురు చాలా రింగుల మీద పరుచుకునే ఉంటుంది.

కాగితం మీద దశాంశం: ఎంతవరకు నమ్మాలి

ప్లగ్ గేజ్‌తో దశాంశం తీయలేం. అది గీతను తాకిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. అందుకని స్కానర్ ఆలోచన వచ్చింది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర స్కానర్ చుక్క ఒకటి 0.085 మి.మీ., అంటే ఒక దశాంశానికి మూడు చుక్కలు. 600 డీపీఐ దగ్గర ఆరు చుక్కలు. స్కానర్ సత్తా చాలు. చాలనిది రంధ్రం.

కాగితంలో రంధ్రం పెల్లెట్ కంటే చిన్నగా ఉంటుంది, అంచులు చిరిగి ఉంటాయి. చదును తల ఉన్న వాడ్‌కట్టర్ పెల్లెట్ గుండ్రంగా కోస్తుంది. గుండ్రటి తల, మొనదేలిన తల పెల్లెట్లు కాగితాన్ని చింపుకుంటూ పోతాయి. విశాఖ ఉప్పుగాలిలో, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉండే తేమలో, విప్పి ఉంచిన కార్డు మెత్తబడుతుంది. మెత్తబడిన కార్డులో వాడ్‌కట్టర్ రంధ్రం కూడా పీచు లేస్తుంది. ఆ పీచులో మధ్యబిందువును ఎవరు గుర్తించినా 0.2 మి.మీ. తప్పు సహజం, అంటే షాట్‌కు 0.08 పాయింటు. 40 షాట్లకు మొత్తంలో అది 0.5 పాయింటు అవుతుంది, ఇద్దరి స్కోర్ల తేడాలో 0.7. కాగితం నుంచి తీసిన దశాంశాల్లో ఒక పాయింటు లోపు తేడాతో ఎవర్నీ గెలిపించకూడదు. ఫోను కెమెరాతో తీసినదైతే ఇంకా అనుమానించాలి. కార్డు కొంచెం వంకరగా ఉండడం పెద్ద దోషం కాదు, రింగులను ఆధారం చేసుకుని సరిచేయవచ్చు. మధ్య చుక్కే రంధ్రంలో పోయిన కార్డులో కేంద్రాన్ని ఒక్క లోపలి రింగుతో అంచనా వేయడం దోషం. బయటి రింగులు నాలుగైదు పట్టుకుని కేంద్రం తీయాలి.

కార్డుల పెట్టె గాలి చొరనిదిగా ఉండాలి, లోపల సిలికా జెల్ సంచులు. పోటీ రోజు ఒక రిలేకు (ఒక విడత షూటర్లకు) సరిపడా మాత్రమే బయటికి తీయాలి. కార్డు వెనక గట్టి అట్ట ఉంటే రంధ్రం శుభ్రంగా వస్తుంది. షెడ్డుకు సముద్రం వైపు తెరిచిన కిటికీ ఉంటే మధ్యాహ్నం గాలికి కార్డు హోల్డర్‌లోనే ఉబ్బి ఆడుతుంది. ఆడే కార్డులో రంధ్రం కోలగా పడుతుంది, దాంతో ప్లగ్ వేసేటప్పుడు పేచీ.

ప్లగ్ సంగతి కూడా ఇక్కడే. 4.50 మి.మీ. ప్లగ్‌కు 0.05 మి.మీ. మించి తేడా ఉండకూడదు. ఇక్కడి గాలికి ఉక్కు ప్లగ్ నెల తిరిగేసరికి తుప్పు చుక్కలు వేస్తుంది. సన్నటి నూనె రాసి భద్రం చేయాలి, కానీ వాడే ముందు పూర్తిగా తుడవాలి, లేకపోతే నూనె మరక గీతను మింగేస్తుంది. ఆరు నెలలకోసారి మైక్రోమీటర్‌తో కొలవాలి. ఒక రంధ్రంలో ప్లగ్ ఒక్కసారే వేయాలి. వేసిన గుర్తుగా కార్డు మీదే విలువ రాసి, సంతకం పెట్టాలి. రెండోసారి వేస్తే రంధ్రం పెరుగుతుంది, ఎప్పుడూ షూటర్ వైపే పెరుగుతుంది. రైఫిల్ 3 నుంచి 10 రింగులకు 5.5 మి.మీ. అంచున్న బయటి గేజ్ మంచిది. షాట్ పదా అన్న అనుమానం ఉంటే గేజ్ అంచు 8 రింగు లోపలే ఉందా అని చూడాలి, తొమ్మిదా అని అయితే 7 రింగు. నలిగిన పది చుక్క వైపు చూడాల్సిన పనే ఉండదు. 8 రింగు సగం వ్యాసం 5.25, గేజ్ సగం 2.75, తేడా సరిగ్గా 2.5 మి.మీ. కాబట్టి ఈ కిటుకు పనిచేస్తుంది. క్లబ్ దగ్గర ఈ గేజ్ లేకపోవడమే సగం గొడవలకు కారణం.

కార్డుకు ఎన్ని షాట్లు

10 మీటర్లలో నియమం ప్రకారం స్కోరు కార్డుకు ఒకే షాట్. పన్నెండు మంది 40 షాట్ల చొప్పున కాలిస్తే 480 కార్డులు. కార్డుకు పది సెకన్లు చూసినా 80 నిమిషాలు, ఇద్దరు స్కోరర్లు తప్పనిసరి. ఖర్చు తగ్గించాలని క్లబ్ ఐదేసి షాట్లు ఒకే కార్డులో కాల్పించింది, కార్డులు 96కు తగ్గాయి. ఓపెన్ సైట్ వాళ్లకు అది బాగానే నడిచింది. పీప్ సైట్ వాళ్ల కార్డులో మాత్రం ఐదు పదులు కలిసి ఒకే చిరుగు రంధ్రం. ప్లగ్ నిలబడదు, నాలుగు షాట్లా ఐదా తెలియదు, పక్క లేన్ వాడిది పొరపాటున ఇందులో పడ్డా తెలియదు. అందుకే కార్డుకు షాట్లు ఇలా ఉండాలి: 385 పైన కొట్టేవాళ్లకు ఒకటి, మిగతా పీప్ సైట్ రైఫిళ్లకు రెండు, ఓపెన్ సైట్‌కు ఐదు. పిస్టల్‌కు రెండు చాలు. సైటర్ కార్డు (స్కోరుకు లెక్కించని, గురి సరిచూసుకునే షాట్లది) కుడి పై మూలన నల్ల అడ్డచారతో వేరుగా ఉండాలి, లేకపోతే ఆఖర్లో లెక్క తప్పుతుంది.

కాగితమూ ఎలక్ట్రానికూ ఒకే జాబితాలో

ఇదొక్కటి మాత్రం మొహమాటం లేకుండా ఆపేయాలి. ఎలక్ట్రానిక్ టార్గెట్ గీత మీద షాట్‌కు కచ్చితమైన కేంద్రంతో తీర్పు చెబుతుంది. కాగితం మీద ప్లగ్, చిరిగిన అంచు, స్కోరర్ కన్ను కలిసి షూటర్‌కు కాస్త అనుకూలంగా మొగ్గుతాయి. గీత మీద పడే షాట్లు ఎక్కువున్న మొదటి నమూనా లాంటివాడికి లేన్ మారితే స్కోరు మారుతుంది. దశాంశ స్కోరును నిండు అంకెకు కుదించి కలిపినా ఈ మొగ్గు పోదు. పైగా సముద్రపు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి, కాగితపు రోలు సరిగా జరగకపోతే తప్పు షాట్లు నమోదవుతాయి, కరెంటు పోతే యూపీఎస్ ఉన్నది కంప్యూటర్‌కే కానీ టార్గెట్‌కు లేకపోతే మధ్యలో ఆగిపోతుంది. పోటీకి ముందు ప్రతి ఎలక్ట్రానిక్ లేన్‌లో కాగితం కార్డు అడ్డుపెట్టి ఐదు షాట్లు కాల్చి, రంధ్రాల స్థానం తెర మీద చుక్కలతో సరిపోతోందో చూసుకోవాలి. అన్ని చుక్కలూ ఒకే వైపు జరిగి ఉంటే టార్గెట్ అమరిక తప్పింది.

షిఫ్టుల వల్ల వేర్వేరు రోజుల్లో కాల్చేవాళ్ల కార్డులు ఆ రోజే సంతకం చేసి, మూసిన కవరులో పెట్టి, అందరివీ కలిపి ఒకే జంట స్కోరర్లు ఒకే బల్ల మీద చూడాలి. రోజుకో స్కోరర్ చూస్తే పద్ధతి ఏదైనా దండగే.

ఫైనల్: మోసుకెళ్లాలా, సున్నా నుంచా

2008 బీజింగ్ ఒలింపిక్స్‌ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అభినవ్ బింద్రా క్వాలిఫికేషన్‌లో 596 కొట్టాడు. ఫిన్లాండ్ షూటర్ హెన్రి హక్కినెన్‌ది 598, చైనా షూటర్ జు కినాన్‌ది 597. అప్పటి నియమంలో రింగు స్కోరు మీద దశాంశ ఫైనల్ కలిపేవారు. బింద్రా ఫైనల్లో 104.5 కొట్టి 700.5, కినాన్ 699.7, హక్కినెన్ 699.4. ఆఖరి షాట్‌కు ముందు బింద్రా, హక్కినెన్ ఇద్దరూ 689.7 దగ్గర సమానం. బింద్రా 10.8, హక్కినెన్ 9.7. రింగు లెక్క ఇచ్చిన రెండు పాయింట్ల ఆధిక్యాన్ని దశాంశాలు తొమ్మిది షాట్లలో తినేశాయి. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ అదే పోటీలో 595 కొట్టీ కౌంట్‌బ్యాక్‌లో (సమాన స్కోర్లను ఆఖరి సిరీస్ నుంచి వెనక్కి పోల్చడంలో) ఫైనల్ పోగొట్టుకున్నాడు. 2013 నుంచి ఫైనల్ సున్నా నుంచే మొదలవుతోంది.

ఈ క్లబ్‌కు ఎలక్ట్రానిక్ లేన్లు రెండే, కాబట్టి అందరూ ఒకేసారి నిలబడి ఒక్కొక్కరూ తప్పుకునే ఫైనల్ సాధ్యం కాదు. పై నలుగురిని ఇద్దరిద్దరుగా పది షాట్లు, దశాంశాల్లో, సున్నా నుంచి కాల్పించడం కుదురుతుంది. ముందు కాల్చిన జంట స్కోరు తెలిసిపోవడం రెండో జంటకు లాభం కూడా, ఒత్తిడి కూడా. తెర మీద అంకెలు మూసేసి ఆఖర్న ఒకేసారి ప్రకటిస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.

హ్యాండిక్యాప్

సూత్రం: ఆధార స్కోరు 390, అందులోంచి షూటర్ సగటు తీసి, వచ్చినదానిలో 80 శాతం. సగటు 352 ఉన్నవాడికి 38లో 80 శాతం 30.4, దశాంశం వదిలేస్తే 30. అతను 358 కొడితే 388. సగటు 384 ఉన్నవాడికి 4, అతను 385 కొడితే 389. కొత్తవాడు తన సగటు కంటే 6 ఎక్కువ కొట్టాడు, పాతవాడు 1 ఎక్కువ కొట్టాడు, అయినా పాతవాడిదే పైచేయి. 100 శాతం ఇస్తే 396కు 391, కొత్తవాడు గెలుస్తాడు. శాతం ఎంతో ముందే తేల్చాలి, సీజను మధ్యలో మార్చకూడదు.

సగటును గత మూడు పోటీలతో తీస్తే, ఆ పోటీల్లో కావాలని తక్కువ కొట్టి పాయింట్లు కూడబెట్టేవాళ్లు తయారవుతారు. గత ఐదింటిలో ఉత్తమ మూడింటి సగటు తీస్తే ఆ ఎత్తు పారదు. హ్యాండిక్యాప్‌కు 40 పైపరిమితి పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లకు మూడు పోటీల దాకా హ్యాండిక్యాప్ జాబితాలో చోటుండకూడదు. ఆ జాబితా ప్రధాన జాబితాకు పక్కన వేరే కాగితం మీద పెట్టాలి. ఓపెన్ సైట్‌నూ పీప్ సైట్‌నూ హ్యాండిక్యాప్‌తో కలపాలన్న ఆశ కూడా వదులుకోవాలి. అవి రెండు వేరే విభాగాలు.

ఖాయం చేసిన పద్ధతి

ఓపెన్ సైట్, పిస్టల్: కాగితం, రింగు లెక్క. సమానమైతే ఇన్నర్ టెన్లు, తర్వాత ఆఖరి పది షాట్ల సిరీస్, అక్కడి నుంచి వెనక్కి, అప్పటికీ తేలకపోతే ఆఖరి షాట్ నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి. పీప్ సైట్: 40 షాట్లు అందరూ కాగితం మీద రింగు లెక్కలో, పై నలుగురికి ఎలక్ట్రానిక్ ఫైనల్ దశాంశాల్లో. ఎలక్ట్రానిక్ లేన్లు ఆరూ అయ్యాక పీప్ సైట్ మొత్తం దశాంశాల్లోకి. స్కోరు అతికించాక పది నిమిషాల్లోపు అభ్యంతరం చెప్పాలి. గేజ్ వేసి చెప్పిన విలువ మీద మళ్లీ వాదన లేదు. పాత రికార్డుల పుస్తకంలో 392 అని ఉన్న చోట కొత్త దశాంశ రికార్డు రాయకూడదు. 60 షాట్లకు రింగు లెక్కలో గరిష్ఠం 600 వేరు, దశాంశాల్లో గరిష్ఠం 654.0 వేరు. దశాంశ రికార్డులకు ఎర్ర అట్టతో ఇంకో పుస్తకం తెరిచారు, మొదటి పేజీలో ఫైనల్ పది షాట్ల స్కోర్లు మాత్రమే ఎక్కుతాయి.